పార్కిన్సన్స్ ఉన్న మా సారుతో ఎక్సర్‌సైజ్ ఎట్లా చేయించాలి, నేను ఎంతవరకు చేయి అందించాలి? – సమాధానం

అమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. మీది హనుమకొండ. సారు రిటైర్డ్ టీచర్, 64 ఏళ్లు, పార్కిన్సన్స్ అని తెలిసి మూడేళ్లు. రోజుకు మూడు పూటలా సిండోపా (లివోడోపా అనే మందు ఉన్న గోలీ) వేసుకుంటున్నారు. బాత్రూం గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతున్నాయి. రెండు నెలల నుంచి వాకింగ్ బంద్ చేశారు. చొక్కా గుండీలు కూడా మీరే పెడుతున్నారు, లేపేటప్పుడు మీ నడుము పట్టేస్తోంది. ఎంత ఎక్సర్‌సైజ్ చేయించాలి, మీరెంతవరకు చేసి పెట్టాలి అనేవి మీ రెండు ప్రశ్నలు.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు దాంట్లోనే ఉంది. గుండీలు మీరు పెడితే ఒక నిమిషం, ఆయన పెట్టుకుంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలే ఆ పూట ఆయన వేళ్లకు దొరికే ఎక్సర్‌సైజ్. ప్రేమతో మీరు చేసి పెట్టిన ప్రతి పనీ ఆయన ఒంటికి ఒక సాధన తగ్గిస్తుంది. పార్కిన్సన్స్‌లో వాడని కదలిక త్వరగా పోతుంది, పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. కాబట్టి మీరు ఇవ్వాల్సింది సమయం, సరైన చోటు, సరైన మాట. చేయి ఆఖరున. టైం లేని రోజు, గోలీ పని చేయని గంటలో, జ్వరం వచ్చినప్పుడు మాత్రం మీరే చేసి పెట్టండి. దానికి మనసు కష్టపెట్టుకోవద్దు.

అసలు కాళ్లు ఎందుకు ఆగుతాయో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మెదడు లోపల డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం ఈ జబ్బుకు మూలం. నడక, చేతులు ఊపడం, మంచంలో పక్కకు తిరగడం లాంటివి మనం ఆలోచించకుండా చేసేస్తాం. ఆ 'ఆలోచించకుండా' నడిచే దారికి డోపమిన్ కావాలి. బుద్ధి పెట్టి, చూసి, లెక్కపెట్టి చేసే పనికి మెదడులో ఇంకో దారి ఉంది, అది చాలావరకు బాగానే ఉంటుంది. అందుకే మెట్లు చకచకా ఎక్కే మనిషి చదునైన గడప దగ్గర ఆగిపోతాడు. మెట్టు కంటికి కనబడే గుర్తు, చదును నేలకు ఏ గుర్తూ లేదు. ఇది తెలియక చాలా ఇళ్లల్లో 'మెట్లెక్కుతడు గానీ బాత్రూంకు పోనీకి నాటకం' అంటారు. ఆ మాట మీ ఇంట్లో ఎవరు అన్నా ఆపండి. తొందరపెట్టినా, చిరాకుపడినా కాళ్లు ఇంకా గట్టిగా అతుక్కుంటాయి.

ఇక గోలీల సంగతి. ఎక్సర్‌సైజ్ కన్నా ముందు దీన్ని సరిచేయాలి, ఎందుకంటే గోలీ బలం దిగిపోయిన గంటలో వాకింగ్‌కు తీసుకెళ్తే సారుకు దొరికేది అవమానమే. బహుశా ఆయన బంద్ చేసింది కూడా అందుకే.

లివోడోపా వేసుకున్నాక అరగంట నుంచి గంటలోపు పని మొదలవుతుంది. జబ్బు మొదటి ఏళ్లలో దాని బలం రోజంతా ఉన్నట్టే ఉంటుంది. తర్వాత తర్వాత మూడు నాలుగు గంటలకే దిగిపోతుంది. ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి. పొద్దున లేచిన దగ్గర నుంచి గంటగంటకు ఒక గీత: గోలీ ఎప్పుడు, తిండి ఎప్పుడు, ఆ గంటలో నడక మంచిగా ఉందా, మొద్దుగా ఉందా, ఒళ్లు మెలికలు తిరిగినట్టు అదనపు కదలికలు ఏమైనా ఉన్నాయా. ఏడు రోజుల కాగితం న్యూరాలజిస్టు ముందు పెడితే పది నిమిషాల సంభాషణ కన్నా ఎక్కువ చెప్తుంది. డోసు, గంటలు మార్చడం ఆ డాక్టరు పని. మీరుగా పెంచవద్దు, తగ్గించవద్దు.

గోలీ పని చేయలేదు అనిపించే రోజుల్లో తప్పు తరచుగా తిండిలో ఉంటుంది. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, కోడికూరలో ఉండే మాంసకృత్తులు పేగుల్లోనూ మెదడు గుమ్మంలోనూ లివోడోపాతో పోటీ పడతాయి. కాబట్టి గోలీ తిండికి అరగంట నుంచి ముప్పావుగంట ముందు, లేదా తిన్న గంటన్నర, రెండు గంటల తర్వాత, నిండు గ్లాసు నీళ్లతో. పాలతో, బూస్ట్‌తో వద్దు. పరగడుపున వేస్తే కడుపులో తిప్పినట్టుంటే ఒక అరటిపండో రెండు మరమరాల ముద్దలో ఇవ్వండి, పాలు పోసిన చాయ్ మాత్రం తర్వాత. ఐరన్ గోలీ వాడుతుంటే దానికీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. ఇదంతా చదివి పప్పు, గుడ్డు మానిపించకండి, కండ కరిగిపోతుంది. పగటి గోలీలు సరిగా అందడం లేదని నోట్‌బుక్‌లో తేలితే మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం రాత్రి భోజనానికి మార్చవచ్చా అని డాక్టరును అడగండి.

పెట్టె మీద అంకె కూడా చూసుకోండి. సిండోపా 110 అంటే లివోడోపా 100, దానికి తోడుగా కలిపే కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. సిండోపా ప్లస్‌లో 100కు 25. 275లో 250కి 25. మెడికల్ షాపులో 'అదే కంపెనీది, అదే పేరు' అని వేరే అంకె ఇచ్చేస్తుంటారు. ఖాళీ స్ట్రిప్ చేతిలో పట్టుకుని వెళ్లడం మంచి అలవాటు. సీఆర్ అని ఉన్నవి మెల్లగా కరిగే రకం, నమలకూడదు, నూరకూడదు. ఇంకొకటి, ఎవరైనా దూలగొండి గింజల పొడి మంచిదని ఇస్తే గుర్తుంచుకోండి: ఆ గింజల్లో నిజంగానే లివోడోపా ఉంటుంది. గోలీతో పాటు అదీ పడితే డోసు ఎంతయిందో ఎవరికీ తెలియదు. డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు.

ఇప్పుడు ఎక్సర్‌సైజ్. గోలీ వేసిన ముప్పావుగంట, గంట తర్వాత, నోట్‌బుక్‌లో 'మంచిగా ఉంది' అని రాసిన గంటలోనే పెట్టుకోండి. వారంలో కనీసం 150 నిమిషాలు గుండె వేగం పెరిగేటట్టు కదలాలి, అంటే 30 నిమిషాల చొప్పున అయిదు రోజులు. ఒకేసారి కుదరకపోతే పది పది నిమిషాలుగా మూడుసార్లు. ఎంత వేగం అంటే, మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. తీరిగ్గా నడిస్తే అది కాలక్షేపం అవుతుంది, వైద్యం కాదు. 2018లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇంకా మందులు మొదలుపెట్టని 128 మంది తొలిదశ రోగులను చూశారు. ఆరు నెలలు ట్రెడ్‌మిల్ మీద గట్టి వేగంతో నడిచినవారిలో కదలిక లక్షణాలు దాదాపు ఉన్నచోటే నిలిచాయి, మామూలుగా ఉండిపోయినవారిలో పెరిగాయి. సారుకు గుండెజబ్బు, షుగర్, బీపీ ఉంటే వేగం పెంచే ముందు ఈసీజీ తీయించి డాక్టరుతో మాట్లాడండి.

చోటు విషయంలో మీకు అదృష్టం ఉంది. భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట, పబ్లిక్ గార్డెన్ మూడూ దగ్గరే. నేల సమంగా, వెడల్పుగా ఉండి, కూర్చోవడానికి బెంచీలు ఉన్న దారి ఎంచుకోండి. ఖిలా వరంగల్ చూడముచ్చటగా ఉంటుంది కానీ రాళ్లు ఎగుడుదిగుడు, రోజువారీ నడకకు వద్దు. ఎండాకాలం మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే. పొద్దున ఆరున్నరలోపే ముగించండి, లేకుంటే ఇంట్లోనే. ఎండకు బీపీ పడిపోయి కళ్లు తిరగడం ఈ జబ్బులో మామూలు. రద్దీ టైంలో కట్ట మీదకు పోవద్దు. ఎదురుగా మనుషులు అడ్డం వస్తే అడుగు చిన్నదైపోతుంది.

నడకలో గంటలు లెక్కపెట్టే పొరపాటు అందరూ చేస్తారు. చిన్న చిన్న అడుగులతో గంట నడిస్తే ఆ చిన్న అడుగే అలవాటవుతుంది. పార్కిన్సన్స్‌లో మెదడు కొలత తప్పు చూపిస్తుంది. సారుకు 'చాలా పెద్ద అడుగు వేశాను' అనిపించేదే నిజానికి మామూలు అడుగు. కాబట్టి మీరు చెప్పాల్సిన మాట ఒక్కటే: 'పెద్ద అడుగు'. 'నిటారుగా నిలబడు, చేతులు ఊపు, కింద చూడకు, మడమ ముందు వెయ్యి' అని నాలుగు చెప్తే ఒక్కటీ జరగదు. అడుగు పెద్దదైతే చేయి దానంతట అదే కొంత ఊగుతుంది. నడుస్తున్నప్పుడు కబుర్లు వద్దు, ఫోన్ అసలే వద్దు. ముచ్చట చెప్పాలంటే ఆగి, నిలబడి, చెప్పి, మళ్లీ నడవాలి. మీరు పక్కన, అరడుగు వెనకగా, ఎక్కువ బిగుసుకున్న వైపు నడవండి. చేయి పట్టి లాగితే ఆయన బరువు మీ మీదకు వాలుతుంది, తూకం తప్పుతుంది.

తాళం చాలా పనిచేస్తుంది. ఒక నిమిషంలో సారు సహజంగా ఎన్ని అడుగులు వేస్తారో లెక్కపెట్టండి. ఫోన్‌లో మెట్రోనోమ్ (టక్ టక్ అని తాళం కొట్టే) యాప్ పెట్టి అదే అంకెకు పెట్టండి. వారం తర్వాత అయిదు, పది శాతం పెంచవచ్చు. అంతకు మించి పెంచితే అడుగులు పరుగులాగా మారి ముందుకు పడిపోతారు. యాప్ వద్దనుకుంటే మీ చప్పట్లు చాలు. మన బతుకమ్మ ఆటనే చూడండి: అడుగు, వంగడం, చప్పట్లు, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, గుండ్రంగా తిరగడం. ఫిజియోథెరపీలో తూకం కోసం నేర్పించేవి చాలావరకు దాంట్లో ఉన్నాయి. మగవాళ్లకు బతుకమ్మ ఏంది అనుకోకండి. ఇంట్లో, సోఫా ఒక పక్క, గోడ ఒక పక్క ఉన్నచోట, నడుము మరీ వంచకుండా, పది నిమిషాలు మీరిద్దరూ ఆడితే మీ మోకాళ్లకూ మంచిదే. దసరా దాకా ఆగనక్కర్లేదు.

నడకతో పాటు వారానికి మూడు రోజులు బలం పెంచేవి కావాలి. అన్నిటికన్నా ముఖ్యం కుర్చీలోంచి లేవడం, ఎందుకంటే మీ నడుము నొప్పి అక్కడే మొదలవుతోంది. చేతులున్న గట్టి కుర్చీ, సీటు ఎత్తు 18 అంగుళాలు. పిరుదులు సీటు అంచు దాకా జరపాలి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి. ముక్కు కాలివేళ్ల మీదుగా ముందుకు వచ్చేదాకా వంగాలి. ముందుకూ వెనక్కూ మూడుసార్లు ఊగి, గట్టిగా 'ఒకటి, రెండు, మూడు' అని మూడుకు లేవాలి. చాలామంది వీపు వెనక్కి ఉంచి లేవబోయి మళ్లీ కూలబడతారు. లోపం కాళ్ల బలంలో లేదు, ముందుకు వంగడం సరిపోలేదు. ఎనిమిది నుంచి పదిసార్లు, కాసేపు ఆగి ఇంకో విడత. లోతుగా దిగబడే సోఫా, నవారు మంచం పక్కన పెట్టేయండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం పదిసార్లు, వీపు గోడకు ఆనించి రెండు చేతులూ గోడ వెంట పైకి జరిపి పది సెకన్లు ఆపడం అయిదుసార్లు. వీపు వంగిపోవడాన్ని ఇది నెమ్మదింపజేస్తుంది. కదలని సైకిల్ కొనగలిగితే మంచిదే. నడవడానికి అవస్థ పడేవాళ్లు కూడా సైకిల్ తొక్కగలుగుతారు. రోడ్డు మీద సైకిల్, స్కూటర్ మాత్రం డాక్టరు సరే అనేదాకా వద్దు.

ఈ జబ్బులో గొంతు కూడా సన్నబడుతుంది. సారు టీచరు కాబట్టి గొంతు సాధన ఆయనకు నచ్చుతుంది. నిటారుగా కూర్చుని, నిండుగా ఊపిరి తీసి, 'ఆ' అని పది పదిహేను సెకన్లు గట్టిగా, పదిసార్లు. తర్వాత పేపరులో హెడ్‌లైన్లు, క్లాసులో వెనక బెంచీకి వినబడేటట్టు చదవాలి. మీరు వంటింట్లో ఉండి వినబడిందా లేదా చెప్పండి. చేతిరాత చిన్నదైపోతుంటే గీతల నోట్‌బుక్‌లో, రెండు గీతల ఎత్తు అక్షరాలతో రోజూ పది లైన్లు.

ఇక గడప. ఆగినప్పుడు చేయాల్సిన వరస ఇది. ముందు ఆగిపోవాలి, కాళ్లతో పోట్లాడవద్దు. మడమలు నేలకు ఆనించి నిటారుగా నిలబడి ఒక ఊపిరి. బరువు కుడికి, ఎడమకు రెండుసార్లు మార్చాలి. తర్వాత బరువు లేని కాలితో ఒక్క పెద్ద అడుగు. మీరు పక్కన నిలబడి మీ పాదాన్ని ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టి 'దీన్ని దాటు' అనవచ్చు, చాలాసార్లు వెంటనే అడుగు పడుతుంది. కాలు పడగానే మీ పాదం తీసేయండి. ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టి లాగడం అన్నిటికన్నా ప్రమాదం. పైభాగం ముందుకొస్తుంది, కాళ్లు అక్కడే ఉంటాయి, ఇద్దరూ పడతారు.

బాత్రూం దారిలో అడ్డగీతలు వేయండి. మొదట సుద్దముక్కతో రెండు రోజులు పరీక్షించండి, పని చేస్తే రంగు టేపు అతికించండి. గీతలు నడిచే దారికి అడ్డంగా ఉండాలి, గీతకూ గీతకూ ఎడం 40 నుంచి 50 సెంటీమీటర్లు, టేపు వెడల్పు అంగుళం. తాండూరు బండల మీద తెలుపు లేదా పసుపు బాగా కనబడుతుంది. గడపకు ఇవతల మూడు, అవతల ఒకటి. అవతల గీత వేయడం చాలామంది మర్చిపోతారు, అప్పుడు సారు గడప మీద ఒక కాలు పెట్టి ఆగిపోతారు. గుమ్మం ముందు కిక్కిరిసిన చుక్కల ముగ్గు వేస్తే కొందరికి అడుగు తడబడుతుంది, అక్కడ సాదాగా ఉంచండి. గడప నిజంగా ఎత్తుగా ఉంటే దానికీ ఒక రంగు గీత వేయండి.

ఎక్కువమంది పడిపోయేది మలుపు తిరిగేటప్పుడు. ఒంటికాలి మీద గిరుక్కున తిరగకుండా కట్ట వంపులో నడిచినట్టు అర్ధచంద్రంగా తిరగాలి. చోటు లేని బాత్రూంలో గడియారం ముల్లులా, పన్నెండు నుంచి మూడుకు, మూడు నుంచి ఆరుకు, ప్రతి అంకెకూ కాళ్లు ఎత్తి వేస్తూ తిరగాలి. అక్కడ గోడకు స్క్రూలతో బిగించిన పట్టుకునే రాడ్ ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసే చోట. తువ్వాల వేసే రాడ్ బరువు మోయదు. కమోడ్ ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు ఉండాలి. తలుపు బయటికి తెరుచుకునేటట్టు చేయించండి, లోపల గొళ్లెం తీసేయండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే తెరవలేరు. రాత్రి ఒంటేలుకు మంచం దగ్గరే బాటిల్ పెట్టండి, నిద్రమత్తులో బాత్రూం దాకా నడవడం ఎంత తగ్గితే అంత మంచిది.

ఇంట్లో ఇంకొన్ని. హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్న వెల్‌క్రో చెప్పులు. అడుగున మరీ పట్టే రబ్బరు ఉంటే ఈడ్చే కాలు తట్టుకుంటుంది. లుంగీ బదులు ఎలాస్టిక్ పైజామా. మన వరంగల్ కొత్తవాడ దర్రీలకు (నేత తివాచీలకు) 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ నేత అంటే నాకూ ఎంతో గౌరవం. అయినా సారు నడిచే దారిలో వదులుగా పరిస్తే అదే జారుడుబండ. గోడకు వేలాడదీయండి, లేదా మంచం మీద. నాలుగు కాళ్ల మామూలు వాకర్ ఎవరైనా తెచ్చిస్తే తొందరపడి వాడించకండి. ప్రతి అడుగుకూ దాన్ని ఎత్తాలి, నడక తాళం తెగుతుంది, కాళ్లు ఆగడం పెరుగుతుంది, వెనక్కి పడే ప్రమాదం ఉంది. ఏది పనికొస్తుందో నడక చూసిన ఫిజియోథెరపిస్ట్ చెప్పాలి.

మంచంలోంచి లేవడానికి మీరు భుజాలు పట్టి లేపుతున్నారని రాశారు. అది ఆపేయండి. ఆయన మోకాళ్లు ముడవాలి, రెండు మోకాళ్లనూ మంచం అంచు వైపు పడేయాలి, తల అటే తిప్పి పైచేయి అటు చాచాలి. కాళ్లు మంచం దిగుతుంటే ఆ బరువుతోనే పైభాగం లేస్తుంది, మోచేత్తో నెట్టుకోవాలి. అవసరమైతే మీరు తొడ పక్క నుంచి చిన్నగా ఊతం ఇవ్వండి. నడుము కింద నున్నటి సాటిన్ గుడ్డ పరిస్తే తిరగడం తేలిక, చలికాలంలో బరువైన రగ్గు కన్నా తేలికైనవి రెండు కప్పండి.

పడిపోతే మీరు ఒంటరిగా ఎత్తవద్దు. ముందు తుంటి నొప్పి, తల దెబ్బ చూడండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే కదపకుండా 108కి ఫోన్ చేయండి. ఏమీ లేకపోతే రెండు నిమిషాలు అట్లాగే ఉండనిచ్చి, పక్కకు దొర్లి మోకాళ్లూ చేతుల మీదకు రమ్మనండి. ముందు ఒక కుర్చీ పెట్టండి. దాని మీద చేతులు, ఒక పాదం ముందుకు, నెట్టుకుని లేవాలి. మీరు రెండో కుర్చీ వెనక నుంచి జరపండి. కుర్చీలు ఎత్తండి, మనిషిని కాదు.

లేచి నిలబడగానే కళ్లు తిరిగితే బీపీ కొలవండి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడితే డాక్టరుకు చెప్పాలి. ఎప్పటి నుంచో వాడుతున్న బీపీ గోలీ ఇప్పుడు ఎక్కువైపోయి ఉండవచ్చు. ఈలోపు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని పాదాలు ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించి లేవాలి. పొద్దున లేవకముందే రెండు గ్లాసుల నీళ్లు ఆగకుండా తాగితే కాసేపటికి బీపీ నిలబడుతుంది. గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు నీళ్లు, ఉప్పు పెంచే ముందు అడగాలి.

తినేటప్పుడు దగ్గు వస్తోందా, గొంతు తడిగా గరగరలాడుతోందా గమనించండి. నీళ్లలాంటి పలచనివే ముందుగా ఇబ్బంది పెడతాయి, చిక్కటి అంబలి, జొన్నగట్క, మెత్తగా వండిన పెసరపప్పు సాఫీగా దిగుతాయి. సకినాలు, కరకరలాడే సర్వపిండి, అటుకుల లాంటి పొడిపొడి తిండి గొంతులో చెల్లాచెదురవుతాయి. సర్వపిండి అంటే ఇష్టమైతే మందంగా, మెత్తగా చేసి పెరుగులో నానబెట్టి ఇవ్వండి, గోలీ టైంకు దూరంగా. గడ్డం కొంచెం కిందికి దించి మింగాలి, చిన్న ముద్దలు, టీవీ బంద్, తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. మాటిమాటికీ దగ్గు, జ్వరం వస్తే ఆలస్యం చేయవద్దు, తిండి ఊపిరితిత్తుల్లోకి పోవడం ఈ జబ్బులో పెద్ద ప్రమాదం. మలబద్ధకం కూడా చిన్న సంగతి కాదు. కడుపు కదలకపోతే గోలీ పేగులోకి ఆలస్యంగా చేరుతుంది. జామ, తోటకూర, గోరుచిక్కుడు, తగినన్ని నీళ్లు, సరిపోకపోతే ఇసబ్‌గోల్.

ఒక కాగితం మీద రాసి సారు జేబులో, మీ పర్సులో పెట్టాల్సిన మందుల పేర్లు చెప్తాను. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, హాలోపెరిడాల్, లివోసల్పిరైడ్, సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్. ఇవి డోపమిన్‌కు అడ్డుపడతాయి, పార్కిన్సన్స్‌ను ముదిరినట్టు చేస్తాయి. లివోసల్పిరైడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్యాస్ గోలీల్లో పాంటాప్రజోల్, రాబిప్రజోల్‌తో కలిపి వస్తుంది, మనవాళ్లు గ్యాస్ అంటే నెలల తరబడి మింగుతారు. పార్కిన్సన్స్ లేనివాళ్లకే దీనివల్ల వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. ఇప్పుడే సారు గ్యాస్ గోలీ స్ట్రిప్ వెనక చదవండి. ఉంటే డాక్టరుతో మార్పించండి. వాంతులకు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించేటప్పుడూ ఈ కాగితం చూపించాలి. దవాఖానలో చేరాల్సి వస్తే సిండోపా మీ దగ్గరున్నది తీసుకెళ్లి, వార్డు టైంకు బదులు సారు టైంకు ఇవ్వాలని నర్సుకు, డాక్టరుకు మొదటి రోజే చెప్పండి. లివోడోపా ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన జ్వరం, ఒళ్లు కట్టెలా బిగుసుకోవడం వచ్చి ప్రాణం మీదకు వస్తుంది.

పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు వాడుతుంటే భార్యగా మీకు తెలియాల్సినది ఒకటుంది. కొందరిలో ఇవి ఆపుకోలేని కోరికలు పుట్టిస్తాయి: ఫోన్‌లో పేకాట, అనవసరమైన కొనుగోళ్లు, అతిగా తినడం, లైంగిక కోరిక పెరగడం. బ్యాంకు మెసేజ్‌లు చూస్తుండండి. ఇది మనిషి గుణం మారడం కాదు, మందు పని. సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్తే డోసు తగ్గిస్తారు. లేని పిల్లలు, పురుగులు కనబడుతున్నాయంటే వాదించకండి, లైటు వేసి మాట మార్చి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి. ట్రైహెక్సిఫెనిడిల్ అనే పాత వణుకు మందు పెద్ద వయసులో మతిమరుపు, అయోమయం పెంచుతుంది. సారు చీటీలో ఉంటే అడిగి తీరాలి.

మీరు రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది: 'నా మీద కోపమో ఏమో, ముఖంలో ఏ భావమూ ఉండదు.' అమ్మా, అది కోపం కాదు. ముఖ కండరాలూ బిగుసుకుంటాయి, కనురెప్పలు తక్కువగా ఆడతాయి, గొంతు సన్నబడుతుంది. లోపల సంతోషం ఉన్నా బయటికి రాదు. ముఖం చూసి అర్థం చేసుకునే ముప్పై ఏళ్ల అలవాటు ఇప్పుడు పనిచేయదు, మాటతో అడగాలి. 'కూర బాగుందా' అని అడిగి పది సెకన్లు ఆగండి, జవాబు వస్తుంది. ఆగకుండా ఇంకో ప్రశ్న వేస్తే మొదటి జవాబు కూడా పోతుంది. పిల్లలకు, చుట్టాలకు కూడా ఇది ముందే చెప్పండి. నిజంగానే రోజుల తరబడి దిగులుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే అది జబ్బులో భాగమైన డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి మందులున్నాయి.

నిద్రలో అరుస్తూ, కాళ్లు చేతులు విసురుతున్నారని రాశారు. కలను ఒంటితో ఆడేయడం ఇది, పార్కిన్సన్స్‌లో చాలామందికి ఉంటుంది. మంచాలు వేరు చేయండి, ఒకే అర్రలో ఉండవచ్చు. మీ నిద్ర పోతే మర్నాడు ఇద్దరికీ కష్టమే. వారంలో రెండు పూటలు, రెండేసి గంటలు, ఇంట్లో ఇంకొకరు ఉండేటట్టు చూసుకుని మీరు బయటికి వెళ్లండి. దూరాన ఉన్న పిల్లలకు స్పష్టమైన పని అప్పజెప్పండి: ఒకరు గోలీలు అయిపోక పది రోజుల ముందే తెప్పించడం, ఒకరు రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో సారుతో గట్టిగా పేపరు చదివించడం. 'ఎట్లున్నారు' అని అడిగి పెట్టేసే ఫోన్ కన్నా అది మీకు నిజమైన సాయం. మీ నడుము నొప్పి మూడు వారాలైనా తగ్గకపోతే మీరూ చూపించుకోండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఒకటి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డులో వైకల్యం 40 శాతం, ఆపైన అని ఉంటే, రాయితీల్లో ఏవి వర్తిస్తాయో దాన్నిబట్టి అడగవచ్చు. మెడికల్ బోర్డు పరీక్షకు గోలీ పూర్తిగా పనిచేస్తున్న గంటలో మాత్రమే చూపిస్తే సగం కష్టం కనబడదు. నోట్‌బుక్, గోలీ దిగిన గంటలో తీసిన నడక వీడియో తీసుకెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లినప్పుడూ అదే వీడియో పనికొస్తుంది. ప్రయాణంలో గోలీలు సూట్‌కేసులో పెట్టకుండా చేతి సంచిలో, నీళ్ల బాటిల్‌తో ఉంచుకోండి. కాజీపేటలో రైలు తలుపు దగ్గర కాళ్లు ఆగిపోతే వెనక జనం తోస్తారు, కాబట్టి అందరూ ఎక్కాక ఎక్కండి, లేదా స్టేషన్‌లో వీల్‌చైర్ అడగండి.

ఈ వారానికి నోట్‌బుక్ మొదలుపెట్టండి, గడప ముందు సుద్దగీతలు గీయండి, గ్యాస్ గోలీ స్ట్రిప్ వెనక చూడండి. ఏడు రోజుల తర్వాత ఆ గంటల పట్టిక ఇక్కడ రాస్తే, వాకింగ్ ఏ గంటలో పెట్టాలో, ఎన్ని నిమిషాలతో మొదలుపెట్టాలో చెప్తాను.